కుంకుడు నురగ ప్రమాణం

మా శాఖలో నేను గ్లాసుల సెక్షన్ చూస్తాను. ఈ మాట చెప్పగానే జనం నవ్వుతారు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళు "మీది ఏ సెక్షనండీ?" అని అడగడం, నేను చెప్పాక విస్తరి వైపు తల దించుకుని నవ్వుకోవడం నేను గమనించకపోలేదు. పింఛన్లకి సెక్షన్ ఉండొచ్చు, పశువులకి ఉండొచ్చు, గ్లాసులకి ఉంటే వీళ్ళకేం పోయిందో నాకు అర్థం కాదు. మధుపాన క్రమబద్ధీకరణ శాఖలో సూపరింటెండెంటునైన కూర్మారావు అనే నేను, మా సెక్షన్ పుట్టుపూర్వోత్తరాలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. చదివాక నవ్వదలచుకున్నవాళ్ళు నవ్వుకోండి.

మా కమిషనర్ వేదాద్రి గారు అధ్యయన యాత్ర పేరుతో ఐరోపాలో ఒక చిన్న దేశం వెళ్ళొచ్చారు. ఏం అధ్యయనం చేశారో నివేదికలో లేదు గానీ, అక్కడి పానశాలలో ఆయన కళ్ళెదుట ఒక సంఘటన జరిగింది. ఎవరో పెద్దమనిషి ఘాటైన బీరు అడిగాడట. దానికి తగిన గ్లాసులన్నీ అప్పటికే జనం చేతుల్లో ఉన్నాయట. వేరే గ్లాసులో పోసిమ్మంటే వడ్డించేవాడు ససేమిరా అన్నాడట. ఆ పెద్దమనిషి కోప్పడలేదు సరికదా, తగిన గ్లాసు ఖాళీ అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడట. అది చూసి వేదాద్రి గారి కళ్ళు చెమర్చాయి.

"క్రమశిక్షణ అంటే అదయ్యా కూర్మారావ్," అన్నారు విమానం దిగిన మర్నాడు. "మన దగ్గర చూడు. స్టీలు గ్లాసులో తాగేవాడు తాగుతాడు, ప్లాస్టిక్ గ్లాసులో తాగేవాడు తాగుతాడు, సీసా ఎత్తి గొంతులో పోసుకునేవాడు పోసుకుంటాడు. పౌరుడికీ పానీయానికీ మధ్య ఒక పద్ధతి అంటూ ఉండొద్దా?"

ఆ వారమే గ్లాసుల సెక్షన్ పుట్టి నా చేతికొచ్చింది, ఉత్తర్వు వెలువడింది. "నిర్ణీత శాతమునకు మించిన ఘాటు గల బీరును తగిన గ్లాసునందు మాత్రమే విక్రయించి వడ్డించవలెను. తగిన గ్లాసు ఏదియో శాఖ నిర్ధారించును. నిర్ధారణ జరుగు వరకు ఏ గ్లాసునూ తగినదిగా పరిగణింపరాదు." చివరి వాక్యం నాదే. గట్టిగా వచ్చిందని కమిషనర్ గారు మెచ్చుకున్నారు.

ఉత్తర్వు వచ్చాక మొట్టమొదట మా గుమ్మం తొక్కింది గొర్లె ప్రణవి. భీమిలి వెళ్ళే దారిలో సముద్రానికి ఎదురుగా 'కెరటం' అని, బీరు తామే తయారుచేసి అమ్మే చోటు కట్టుకుంది. మందుల కంపెనీలో మంచి ఉద్యోగం వదులుకుని వచ్చిన పిల్ల. వేయించిన చోళ్ళు, తాటిబెల్లం వేసి ఘాటైన నల్లబీరు ఒకటి చేసింది. చోళ్ళంటే రాగులు, మా వైపు అలాగే అంటాం. ఒకసారి చేదెక్కి, ఒకసారి పులిసి, ఎన్నోసార్లు పారబోసుకున్నాక ఈ ట్యాంకులోనే తను అనుకున్న రుచి వచ్చిందట. మా నిబంధన ప్రకారం తయారైన బీరు నెలాఖరులోగా అమ్ముడుపోవాలి, లేదంటే అధికారి సమక్షంలో ధ్వంసం కావాలి. అమ్మాలంటే తగిన గ్లాసు ఉండాలి.

"గ్లాసు నేనే తెచ్చాను సార్," అంటూ సంచిలోంచి తీసి కమిషనర్ గారి బల్ల మీద పెట్టింది. కింద పొట్టి కాడ, దాని మీద గుండ్రటి పొట్ట, పైకి పోయేకొద్దీ సన్నబడి, అంచు దగ్గర మళ్ళీ విచ్చుకుంది. "దీన్ని టులిప్ గ్లాసంటారు. మెడ సన్నబడింది కదా, వాసన చెదిరిపోకుండా ఉంటుంది. అంచు విచ్చుకుంది కాబట్టి నురగ కుదురుగా కూర్చుంటుంది. గ్లాసు చిన్నది, ఎందుకంటే ఘాటు బీరు గటగటా తాగేది కాదు. కాడ పట్టుకుంటే చేతి వేడి తగలదు. మీరు ఆమోదిస్తే రేపే తలుపులు తెరుస్తాను సార్."

వేదాద్రి గారు లేచి బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "మీ వివరణ ప్రాథమికంగా హర్షణీయం. అయితే అది దరఖాస్తుదారు అభిప్రాయం. శాఖకు స్వతంత్ర నిర్ధారణ అవసరం."

"సులువే కదా సార్. బీరు పంపిస్తాను, పోసి చూడండి."

"ప్రభుత్వ కార్యాలయ ఆవరణలో మద్యం నిషిద్ధం."

"పోనీ మా దగ్గరికి రండి."

"తనిఖీకి వెళ్ళిన అధికారి అక్కడ ఏదీ పుచ్చుకోరాదు. ఆతిథ్య నిరోధక నియమావళి."

"పుచ్చుకోవద్దు సార్, ఊరికే వాసన చూడండి."

"వాసన లోపలికే వెళ్తుంది కదమ్మా," అన్నాను నేను. నియమం నియమమే.

గ్లాసు నిర్ధారణ సంఘం ఏర్పడింది. నిపుణ సభ్యులుగా డాక్టర్ చయనులు గారిని వేశారు. ఆయన ఒక సబ్బుల ఫ్యాక్టరీలో నురగ విభాగానికి అధిపతిగా చేసి రిటైరయ్యారు. జన్మలో బీరు చుక్క నోట పెట్టి ఎరగరు. "మనకి కావలసింది అదే," అన్నారు వేదాద్రి గారు. "తాగేవాడి మాటలో పక్షపాతం ఉంటుంది."

మొదటి సమావేశంలో రకరకాల గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి చూశాం. ఏ గ్లాసులోనూ నురగ రాలేదు. సంఘం ఆ సంగతి మినిట్సుకెక్కించింది.

"నురగ వచ్చే ద్రవం కావాలి," అన్నారు చయనులు గారు. "రంగు గోధుమ వన్నెలో ఉండాలి. మద్యం కాకూడదు. ప్రభుత్వానికి భారం కాకూడదు. కుంకుడు రసం చాలు."

"అది బీరు కాదేమో కదండీ," అన్నాను, మినిట్సులో ఏమని రాయాలో తెలియక.

"నురగ నురగే. జనక ద్రవం అప్రస్తుతం."

కుంకుడుకాయలు మా ఇంటినుంచే పట్టుకెళ్ళాను. "ఆఫీసులో తలంట్లు కూడా మొదలెట్టారా?" అంది మా ఆవిడ. ప్రభుత్వ రహస్యాలు ఇంట్లో చెప్పే అలవాటు నాకు లేదు కనక ఊరుకున్నాను. అటెండరు కాయలు చితక్కొట్టి, గింజలు ఏరేసి, వేడినీళ్ళలో నానేసి బకెట్లో చిలికాడు. ఆఫీసంతా పండగనాటి స్నానాలగది వాసన కొట్టింది. పక్క సెక్షన్ల వాళ్ళు వచ్చి నూనె ఎవరు తెచ్చారని అడిగి వెళ్ళారు. గ్లాసుల్లో పోసి చూస్తే నిజంగానే గోధుమ వన్నె మీద తెల్లటి నురగ. వేదాద్రి గారు ముక్కు దగ్గర పెట్టుకోబోతే ఒక బొట్టు చిట్లి కంట్లో పడింది. కన్ను నులుముకుంటూనే, "ఘాటు తృప్తికరం. రాసుకోండి," అన్నారు.

లోటా నుంచి పువ్వుల కూజా దాకా అన్నిటినీ పరీక్షించగా, నురగ ఎక్కువసేపు నిలిచింది ప్రణవి తెచ్చిన టులిప్ గ్లాసులోనే. సంఘం ఏకగ్రీవంగా దాన్ని తగిన గ్లాసుగా ప్రకటించింది. ఆమోదం పొందిన నమూనాకి మా శాఖలో ఏం చేస్తామో అదే చేశాం. తెల్లగుడ్డ చుట్టి, పురికొస బిగించి, లక్క కరిగించి మూతి మీద శాఖ ముద్ర వేశాం. దానికి 'ప్రమాణ గ్లాసు' అని పేరుపెట్టి ఇనప అల్మరాలో భద్రపరిచాం.

కబురు పంపితే ప్రణవి పరుగున వచ్చింది. "థాంక్యూ సార్! అయితే ఇక తెరవచ్చా?"

"తొందరపడకండి," అన్నారు వేదాద్రి గారు. "గ్లాసు తగినదని తేలింది. ఆ గ్లాసుకి మీ బీరు తగినదా కాదా అన్నది తేలలేదు."

"గ్లాసుకి బీరు తగినదా?"

"ఇరువైపులా చూడాలి కదా. సంబంధం అన్నాక ఒక్క వైపే విచారిస్తారా?"

బీరు ఆఫీసుకి రాకూడదు కనక, 'కెరటం'లో అలాంటి గ్లాసులోనే పోసిన బీరు నురగకి ఫోటోలు తీయించి తెప్పించాం. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కాసేపు ఆగాక మరొకటి. పక్కనే కుంకుడు నురగ ఫోటోలు పెట్టి చయనులు గారు భూతద్దంతో పోల్చారు. పెదవి విరిచారు.

"మీ నురగలో పట్టుదల లేదమ్మా. కొద్దిసేపటికే కూలబడుతోంది. కుంకుడు ప్రమాణానికి దరిదాపుల్లో లేదు."

"సార్, అది కుంకుడు రసం! తలకి పోసుకునేది!" అంది ప్రణవి. "బీరు నురగ కాసేపటికి తగ్గుతుంది. తగ్గాలి కూడా. లేకపోతే తాగేదెలా?"

"తాగడం ఈ పరీక్ష పరిధిలోకి రాదు," అన్నారు చయనులు గారు. ఆయన నొచ్చుకున్నారు. సర్వీసంతా నురగలో గడిపిన మనిషి మరి.

"దరఖాస్తుదారు తమ బీరును కుంకుడు ప్రమాణమునకు సన్నిహితముగా మెరుగుపరచుకొని మరల దరఖాస్తు చేసుకొనవచ్చును" అని ఉత్తర్వు వెళ్ళింది. అప్పటికి నెలాఖరు దగ్గరపడింది. ఆ వెనకే ట్యాంకులో ఉన్నదంతా ధ్వంసం చేయాలని ఇంకో ఉత్తర్వు. దాన్ని గోడకి అంటించే బాధ్యత నాకు పడింది.

నేను వెళ్ళేసరికి 'కెరటం'లో బల్లలన్నీ తుడిచి వరసగా వేసి ఉన్నాయి, మనుషులు లేరు. వడ్డించడానికి పెట్టుకున్న దాలినాయుడు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. పెద్ద పెద్ద బార్లలో పనిచేసి తల నెరిసిన మనిషి.

"ఏటి సారూ, నిజంగానే పారబోసీమంటారేటి?" అన్నాడు. "ఆ పాప తిండి మానేసి ట్యాంకు కాడే కూకుండీదండి. వాసన సూసీది, మళ్ళీ కూకుండీది. మీకేటి సెప్తాం."

ప్రణవి మెట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, కుళాయి తిప్పి టులిప్ గ్లాసులో కాస్త బీరు పట్టి బల్ల మీద పెట్టింది. "మీకోసం కాదు సార్, నియమం తెలుసు. నేనే ఒకసారి చూసుకుందామని."

సముద్రం మీంచి గాలి వీచింది. అది గ్లాసు మీదుగా నా వైపే వచ్చింది. గాలి పుచ్చుకోరాదని మా నియమావళిలో లేదు. వేయించిన చోళ్ళ వాసన, దాని వెనక తాటిబెల్లం పాకం వాసన, ఆ వెనక ఇంకేదో కమ్మటిది. నురగ మెల్లగా తగ్గుతూ అంచు చుట్టూ సన్నటి లేసు అల్లికలా మిగిలింది. గ్లాసుల సెక్షన్ పుట్టినప్పటినుంచీ బీరు పోసిన గ్లాసును చూడటం నాకు అదే మొదటిసారి.

"ఎవరైనా తాగి, బాగాలేదని ఉమ్మేసినా నేను బాధపడను సార్," అంది ప్రణవి. "ఒక్కళ్ళు కూడా నోట పెట్టకుండా కాలవలో పోసెయ్యడం ఉంది చూశారూ, అదే నాకు మింగుడుపడటంలేదు."

నాకు బాధేసింది. అందులో దాచుకునేది ఏముంది? ప్రభుత్వోద్యోగికి బాధ కలగరాదని కూడా నియమావళిలో లేదు.

అంటించాల్సిన కాగితం సంచిలోనే ఉంచి, ముందు ధ్వంసం ఎలా చేయాలో కనుక్కుందామని ఫోన్లు చేశాను. కాలవలో పోస్తే ఒప్పుకోమంది పురపాలక సంఘం. సముద్రంలో కలిపితే కేసు పెడతామన్నారు తీర పరిరక్షణ వాళ్ళు. ఇసకలో ఇంకిస్తే భూగర్భ జలాల వాళ్ళకి అభ్యంతరం. పశువులకి తాగిద్దామంటే పశువైద్యాధికారి నా మీద కేకలేశాడు. చేసేది లేక మా నియమావళిలోని ధ్వంసం పేరా తీసి మళ్ళీ చదివాను. "ధ్వంసమనగా, సరకును తిరిగి విక్రయింప వీలులేని స్థితికి, అధికారి సమక్షమున, సంపూర్ణముగా తెచ్చుట." ఎలా తేవాలో ఎక్కడా రాసి లేదు. పశువులు కూడదన్నారు గానీ, మనుషుల ఊసు ఏ శాఖా ఎత్తలేదు.

"దాలినాయుడూ," అన్నాను. "ఒకసారి మనిషి తాగేసిన బీరుని మళ్ళీ అమ్మడానికి వీలవుతుందా?"

"సీసీ, ఏం మాటలు సారూ!"

"ఆ మాటే సాక్షి వాంగ్మూలంగా రాసుకుంటాను."

ప్రణవి నా ముఖంలోకి చూసింది. ఆ పిల్ల నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

కమిషనర్ గారికి ఫోన్ చేసి, ధ్వంసానికి స్వచ్ఛందంగా జనం ముందుకొస్తున్నారని చెప్పాను. "ప్రజా భాగస్వామ్యం! బహు బాగు!" అన్నారు. "నేనూ వస్తాను. ప్రమాణ గ్లాసు కూడా వస్తుంది. గ్లాసు వ్యవహారంలో జరిగే ప్రతి కార్యక్రమానికీ అది హాజరు కావాలి."

మర్నాడు సాయంత్రం 'కెరటం' ముందు బోర్డు పెట్టాం. 'ఇచ్చట బీరు ధ్వంసం చేయబడును. సహకరించగలరు.' ప్రజల్లో ఇంత సహకార భావం ఉందని నా సర్వీసులో ఎన్నడూ అనుకోలేదు. వలలు ఆరేసుకుని వచ్చినవాళ్ళు, మందుల కంపెనీలో ప్రణవితో పనిచేసినవాళ్ళు, బీచికి షికారొచ్చిన దంపతులు వరసకట్టారు. ధ్వంసం అంటే తాగడమేనని కబురు పాకింది కనక ఇంటినుంచి స్టీలు గ్లాసులు, లోటాలు, క్యారేజీ గిన్నెలు కూడా తెచ్చుకున్నారు.

ప్రణవి నా దగ్గరికి వచ్చింది. "సార్, ఇది విక్రయం కాదు, వడ్డన కాదు. గ్లాసు ఉత్తర్వు దీనికి వర్తించదు కదా?"

"వర్తించదమ్మా."

"అయితే ఏ గ్లాసులో ధ్వంసం చేయించుకోవాలన్నది నా ఇష్టమే?"

"నీ ఇష్టమే."

లోపలికెళ్ళి అట్టపెట్టెలు విప్పింది. కొత్త టులిప్ గ్లాసులు బయటికొచ్చాయి. దాలినాయుడు లోటాలన్నీ ఓ మూల పెట్టించి, వరసలో ఉన్న ఒక్కొక్కరికీ గ్లాసు అందిస్తూ పాఠం చెప్పాడు. "కాడ అట్టుకోవాలండి, బొజ్జ అట్టుకుంటే ఏడెక్కిపోద్ది. బాబూ, గటగటా ఎత్తీకు, ముందు వాసన సూడు. మెల్లగా నాశనం సెయ్యి."

ఒక ముసలమ్మ మనవరాలి గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగి, పెదాలు చప్పరించింది. "ఓలమ్మో, మాయమ్మ మాడబెట్టిన సోడంబలి ఇలాగే ఉండీది," అంది. ప్రణవి గబుక్కున వెనక్కి తిరిగి చున్నీతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు వచ్చింది కమిషనర్ గారి జీపు. వేదాద్రి గారు ప్రమాణ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని దిగారు. వెనక చయనులు గారు దిగారు.

"కూర్మారావ్! ఏమిటిది? వీళ్ళు తాగుతున్నారు!"

"ధ్వంసం చేస్తున్నారు సార్. పద్ధతి ఇదే అని నియమావళిలో లేదు, కాదనీ లేదు."

ఆయన ధ్వంసం పేరా గుర్తుచేసుకున్నారు. "తిరిగి విక్రయించడానికి..."

"వీలు పడదు సార్. సాక్షి వాంగ్మూలం ఉంది."

"సంపూర్ణంగా?"

"గ్లాసులు నాకేస్తున్నారు సార్."

"అధికారి సమక్షంలో జరగాలి మరి."

"మీరు వచ్చేశారు కదా."

ఆయన తల ఊపారు. ఈలోగా చయనులు గారు ఎవరి గ్లాసు మీదకో వంగి నురగని పరిశీలిస్తున్నారు. అది మెల్లగా తగ్గి పక్కకి తప్పుకుంది. "పట్టుదల లేదు గానీ, మర్యాద తెలిసిన నురగ," అన్నారు తనలో తనే. "కూర్మారావు గారూ, నేనొకటి తీసుకుంటే అది ఆతిథ్యం అవుతుందా?"

"శ్రమదానం అవుతుందండి."

ఆయన శ్రమదానం చేశారు. ఒకటితో ఆగలేదు.

వేదాద్రి గారు మాత్రం గుంపు మధ్యలో నిలబడే ఉన్నారు. చుట్టూ అందరి చేతుల్లో అవే గ్లాసులు, అదే కాడ, అదే పొట్ట. ఖాళీగా ఉన్నది ప్రభుత్వం ఆమోదించిన గ్లాసొక్కటే. దాని మూతికి గుడ్డ కట్టి ఉంది.

"ఆకర్న ఒక్క గ్లాసుకే ఉందండోయ్!" అని కేకేశాడు దాలినాయుడు ట్యాంకు దగ్గర్నుంచి.

జనం కదలబోతే ప్రణవి చెయ్యి అడ్డంపెట్టింది. "అది కమిషనర్ గారిది." చుట్టూ చూసింది. టులిప్ గ్లాసులన్నీ జనం చేతుల్లో ఉన్నాయి. దాలినాయుడు మూలనున్న స్టీలు గ్లాసు ఒకటి తీసి, తుడిచి, వినయంగా చాచాడు.

వేదాద్రి గారు స్టీలు గ్లాసు వైపు చూశారు. ఆ ఐరోపా పెద్దమనిషి ఆయనకి గుర్తొచ్చే ఉంటాడు. చేతులు కట్టుకుందామంటే చేతుల్లో ప్రమాణ గ్లాసు ఉంది. సముద్రం గాలి చోళ్ళ వాసన తీసుకొచ్చి ఆయన ముఖానికి కొట్టింది. లక్క ముద్ర మీద బొటనవేలితో రెండు మూడుసార్లు రాశారు. తరవాత నా చెవి దగ్గరికి వంగారు.

"కూర్మారావ్, ఈ లక్క దేంతో ఊడుతుందయ్యా?"

"గోటితో గీకితే వచ్చేస్తుంది సార్."

పంచనామా నేనే రాశాను. 'ధ్వంసము సంపూర్ణముగా, సంతృప్తికరముగా జరిగినది. చివరి గ్లాసును కమిషనర్ గారు స్వహస్తములతో ధ్వంసమొనర్చిరి.' ఆయన సంతకం చేసేటప్పుడు మీసం మీద నురగ ఉంది. అది కాసేపటికి మర్యాదగా తప్పుకుంది.

ఇప్పటికీ ప్రణవి బీరుకి అమ్మకం అనుమతి రాలేదు. కుంకుడు ప్రమాణం ఎత్తేస్తే చయనులు గారిని అవమానించినట్టవుతుందని ఫైలు ఆగింది. ఆ పిల్ల మాత్రం ప్రతినెలా ఒక ట్యాంకు తయారుచేస్తుంది, నెలాఖరుకి అధికారి సమక్షంలో ధ్వంసం చేయిస్తుంది. ధ్వంసకారులు ప్రవేశ రుసుము కట్టి మరీ వస్తున్నారు. ఆ సమక్షపు డ్యూటీకి మా ఆఫీసులో పోటీ ఎక్కువైపోయి వంతులు వేసుకున్నాం.

వేదాద్రి గారు మరో సంఘం వేశారు. ధ్వంసమునకు తగిన గ్లాసు నిర్ధారణ సంఘం. చయనులు గారే నిపుణ సభ్యులు, 'కెరటం'లోనే సమావేశం. పాత అలవాటు కొద్దీ నేను సంచిలో కుంకుడుకాయలు పట్టుకెళ్ళాను. ఒక్కరూ వాటి మాటెత్తలేదు. అలాగే ఇంటికి తెచ్చేసి, ఆదివారం తలంటుకున్నాను. నురగ ప్రమాణం ప్రకారమే వచ్చింది.